వదిన వాసెన కట్టిన బురద

రోహిణి కార్తెలో దివిసీమ ప్రయాణమేమిటి, మతిగాని పోయిందా అని గుడివాడలో నన్ను అడగని మనిషి లేడు. కాలేజీకి సెలవులు, ఇంట్లో కూలరుంది, బుట్టలో రసాలున్నాయి, హాయిగా కూర్చోక రోళ్ళు పగిలే ఎండలో పడి పోవడం ఎందుకని మావాళ్ళ బాధ. సముద్రం చూడ్డానికి వెళ్తున్నానంటే ఊరుకునేవాళ్ళేమో. నేను వెళ్ళింది బురద కోసం. హంసలదీవి దగ్గర పాయ అడుగున ఉన్న నల్లబురదని నాలుగు గొట్టాల్లోకి ఎత్తి, బందరు తెచ్చి పరీక్ష చెయ్యాలి. ఆ పరీక్ష తేల్చేదాన్ని బట్టి ఒక మనిషి తన ఊళ్ళో ఉండడమో, మూటాముల్లె సర్దుకోవడమో తేలుతుంది.

ఆ మనిషి జాన్‌బాబు. బందరులో డిగ్రీ చదివినప్పుడు నా క్లాసు. ఇప్పుడు కోడూరులో ఉంటూ, హంసలదీవి వైపు పాయ ఒడ్డున రొయ్యల చెరువు చేస్తున్నాడు. ఏటా ఎండాకాలం చివర గాలి ఆగిపోయిన రోజుల్లో ఆ పాయలో చేపలు చచ్చి తేలుతున్నాయి. చెరువుల నీళ్ళు వదలడం వల్లేనని పాయమీద బతికే పల్లెవాళ్ళ మాట. అందులో నిజం లేకపోలేదు. పోయినేడు గొడవ ముదిరాక, ఇక చుక్క నీరు కూడా వదలనని జాన్‌బాబు పెద్దల ముందు మాటిచ్చి తూముకి తాళం వేశాడు. పక్కనే ఇంకో గుంట తవ్వించి పాతనీళ్ళు అందులోకి తోడుకుంటున్నాడు. అయినా ఈ వేసవిలో చేపలు మళ్ళీ తేలాయి. ఇంకేముంది, దొంగచాటుగా వదిలాడన్నారు. వాడితో మాటలు మానేశారు. వచ్చే ఆదివారం పెద్దలు కూర్చుని, చెరువు పూడ్చేసి పొమ్మని చెప్పబోతున్నారు.

"విజయా, నేను వదల్లేదు. నా మాట నమ్మేవాడు ఊళ్ళో ఒక్కడు లేడు," అన్నాడు ఫోన్లో. "కెమిస్ట్రీ చెప్తావు కదా, ఏదన్నా చెయ్యి."

వాడికోసం వెళ్ళాలని వెంటనే నిశ్చయించుకున్నాను. కానీ నా నోరు ఊరుకోదుగా. చేస్తాన్రా, నువ్వు అబద్ధమాడావని తేలితే అదీ నేనే వచ్చి చెప్తాను అన్నాను. చెప్పమన్నాడు. అప్పుడే నాకు సగం నమ్మకం కుదిరింది.

ప్రయాణానికి ముందే ఒక తోడు తగులుకుంది. రాజ్యం వదిన, మా ఆయన అక్క. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామికి ఎప్పటిదో మొక్కు ఉండిపోయిందిట. "నువ్వెటూ అటునుంచే వెళ్తావుగా" అంటూ సంచీ సర్దుకుంది. మంచిదే, కానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ వారమే ఆవకాయ పెట్టింది. మూడోరోజు తిరగకలిపి, జాడీ మూతులకి తెల్లగుడ్డతో వాసెన కట్టి, మా ఆయనకి పదిసార్లు అప్పగింతలు పెట్టి మరీ బయల్దేరింది.

గుడివాడలో పొద్దున్నే బందరు పాసింజరు ఎక్కండి, ఎండ ముదిరేలోపు దిగిపోతారు. కిటికీ పక్కన చోటు దొరికింది. దారంతా కోత అయిపోయిన మళ్ళు, వాటి మధ్య చేపల చెరువులు, చెరువుల్లో తెల్లగా నీళ్ళు చిమ్మే ఏరియేటర్లు. ఎదుటి సీట్లో మామిడికాయల బుట్టతో ఒక పెద్దాయన కూర్చున్నాడు. మేమెక్కడికో, ఎందుకో వదిన రెండు స్టేషన్లు దాటకముందే ఆయనకి అప్పజెప్పేసింది. "బురద కోసం రైలెక్కడమేంటండీ," అన్నాడాయన. "వానాకాలం మా ఇంటి ముందుకు రండి, మీకు కావలసినంత."

ఆయనకి చెప్పినట్టే మీకూ చెప్తాను, భయపడకండి, పరీక్ష పెట్టను. ఎరువులో ఉండే భాస్వరం పొలాల నుంచి, చెరువుల నుంచి, ఊళ్ళ మురుక్కాలవల నుంచి పాయలోకి చేరి అడుగు బురదలో దిగుతుంది. బురదలో ఇనుపతుప్పు ఉంటుంది. ఆ తుప్పు భాస్వరాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. ఎంతకాలం? అడుగునీళ్ళలో ఆక్సిజన్ ఉన్నంతకాలం. అది అయిపోయిందా, తుప్పు కరిగిపోయి పట్టు వదిలేస్తుంది. వదిలిన భాస్వరం పైకొచ్చి నాచుని పెంచుతుంది. ఆ నాచు చచ్చి, అడుక్కి చేరి కుళ్ళి, మిగిలిన కాస్త ఆక్సిజన్నీ తినేస్తుంది. అప్పుడు బురద ఇంకాస్త వదులుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. అంటే ఈ ఏడు ఎవరూ ఏమీ కలపకపోయినా, పాత ఏళ్ళలో కలిపింది అడుగునించి లేచి రావచ్చు. జాన్‌బాబు చెప్పేది నిజమైతే ఇలాగే అయ్యుండాలి.

పెద్దాయన అంతా విని, మా ఇంట్లో కూడా పాత గొడవలు ఇలాగే లేస్తాయండీ అని ఒక మామిడికాయ వదిన చేతిలో పెట్టాడు.

బందరులో దిగి, స్టేషన్ దగ్గర ఇడ్లీ తిని, ఆటోలో కమల పనిచేసే కాలేజీకి వెళ్ళాం. కమల నాతోపాటు చదివిన మనిషే, ఇప్పుడు అక్కడ కెమిస్ట్రీ ల్యాబు ఆవిడ చేతిలో ఉంది. గాజులా కనపడే నాలుగు ప్లాస్టిక్ గొట్టాలు, వాటికి రబ్బరు మూతలు, ఆక్సిజన్ కొలిచే మీటరు ఇచ్చింది. సగం బురద, సగం పాయ అడుగునీళ్ళు నింపాలి, మూత కింద గాలి బుడగ కూడా ఉండకూడదు, దారిలో గాలి తగిలితే అంతా పోయినట్టే అని చెప్పింది. నేను తలూపాను. వదిన కూడా తలూపింది. ఆ తలూపడం నేను సరిగ్గా చూసుకోవలసింది.

బందరు బస్టాండులో అవనిగడ్డ బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకి టికెట్ డబ్బులక్కర్లేదు, ఆధార్ చూపిస్తే చాలు గనక బస్సు కిటకిటలాడుతోంది. చల్లపల్లి దాటి మోపిదేవిలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. గుళ్ళో జనం బాగానే ఉన్నారు. వదిన పుట్టలో పాలు పోసి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. ఏం కోరుకున్నారని అడిగితే, నీ బురద సంగతి కూడా చెప్పాను అంది. గుడి భోజనం చేసి, నీడలో కాస్త నడుం వాల్చి, ఎండ తగ్గాక అవనిగడ్డ, అక్కణ్ణించి ఇంకో బస్సులో కోడూరు చేరాం. మీరు వెళ్ళదలిస్తే బస అవనిగడ్డలో చూసుకోండి, కోడూరులో మాకు జాన్‌బాబు ఇల్లుంది గనక సరిపోయింది.

జాన్‌బాబు చిక్కిపోయాడు. కాలేజీలో నాటకాలేసి గొంతు చించుకునే మనిషి, నాలుగు మాటలకో మాట మింగుతున్నాడు. వాళ్ళావిడ కొర్రమీను పులుసు పెట్టింది. వదిన చేప తినదు, వంకాయ కూర వేరే వండింది పాపం. మేము తింటూ ఉండగానే గేటు దగ్గర ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. నల్లటి మనిషి, తెల్లటి మీసం, భుజం మీద తువ్వాలు. నాంచారయ్య, పల్లెకి పెద్ద. జాన్‌బాబు వాళ్ళ నాన్న, ఆయన ఒకే పడవలో వేటకి వెళ్ళినవాళ్ళు. జాన్‌బాబుకి ఈత నేర్పింది ఆయనే. లోపలికి రమ్మంటే రాలేదు, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. జాన్‌బాబు గుమ్మంలో నిలబడి తల దించుకున్నాడు.

నేనే చెయ్యి కడుక్కుని గేటు దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"బురద నువ్వే తీస్తావు, నువ్వే చూస్తావు, నువ్వే చెప్తావు. నువ్వు వాడి స్నేహితురాలివి," అన్నాడు. "మేమెందుకు నమ్మాలమ్మా?"

నాకు కోపం రాలేదు. సరైన ప్రశ్న అడిగినవాడి మీద నాకు కోపం రాదు. మీ పడవలోనే వెళ్దాం, మీ చేతుల్తోనే తియ్యండి, మూతలు మీరే కట్టండి, బందరు దాకా మీరే వెంట రండి అన్నాను. ఆయన కాసేపు మీసం రాసుకుని, మూతల మీద మా వలదారంతో మా ముడి వేస్తాను, ఆ ముడి నేను విప్పేదాకా ఎవరూ ముట్టకూడదు అన్నాడు. సరేనన్నాను. జాన్‌బాబు పడవలోకి రాకూడదన్నాడు. దానికీ సరేనన్నాను.

మర్నాడు తెల్లవారుతుండగా ఆటోలో హంసలదీవి దగ్గర పాలకాయతిప్ప వైపు వెళ్ళాం. చీకటి విడేలోపే ఎందుకంటే, ఆక్సిజన్ బాగా పడిపోయేది అప్పుడే. దారికి అటూ ఇటూ చెరువులు, తర్వాత మడ అడవి. ఆకు కదలడం లేదు. వదిన ఫ్లాస్కులో కాఫీతో ఒడ్డున కూర్చుంది. జాన్‌బాబు తన చెరువు గట్టుమీద దూరంగా నిలబడ్డాడు. నాంచారయ్య ఇంజన్ వెయ్యలేదు, గెడకర్రతోనే పడవని నెట్టాడు. ముందు జాన్‌బాబు తూము దగ్గర ఆపమని, అక్కడి నీళ్ళు ఒక సీసాలో పట్టాను. తూముకి తాళం తుప్పు పట్టి ఉంది. ఆయన గెడకర్ర ఆపి దాన్ని చూశాడు.

చేపలు తేలిన చోటికి వెళ్ళి మీటరు తీగ నీళ్ళలోకి వదిలాను. పైన అంకె బాగానే ఉంది. లోతుకి పోయేకొద్దీ తగ్గుతూ వచ్చి, బురద దగ్గర సున్నా పక్కకి చేరింది. నాంచారయ్య నా భుజం మీంచి ఆ అంకెలే చూస్తున్నాడు. ఒకే పాయలో పైన ఒకటి, కింద ఒకటి ఎలా ఉంటుందమ్మా అన్నాడు. పైన కాలవల నుంచి వచ్చిన చప్పనీళ్ళు, కింద పోటుకి వచ్చిన ఉప్పునీళ్ళు, గాలి లేకపోతే రెండూ కలవవు, పైనున్న గాలి కిందికి దిగదు అని చెప్పాను. అవును, ఇలాంటి రోజుల్లో వల అడుక్కి తగిలితే కంపుకొడుతూ వస్తుందన్నాడు.

వెదురుకర్రకి గొట్టం బిగించి ఒక్కో గొట్టాన్నీ ఆయనే బురదలోకి దింపాడు. కింద నల్లటి బురద, పైన తేటనీళ్ళు, అద్దంలో పెట్టినట్టు వచ్చాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన మాత్రం గుప్పుమంది. మూతలు నేను బిగించాను, వాటిమీద వలదారంతో ఆయన ముడులు వేశాడు. నాలుగూ ఒకే చోటివి. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరపడుతుంది. ఒడ్డుకొచ్చాక మూడు గొట్టాలు బకెట్లో నిలబెట్టి తడిగుడ్డ చుట్టాను. నాలుగోది పట్టలేదు. నిటారుగా ఒళ్ళో పట్టుకుని కూర్చోండి వదినా, కుదపకండి అని ఆవిడకిచ్చాను. అంతవరకు నేను చెప్పింది ఆవిడ అక్షరాలా చేసింది.

కోడూరులో బస్సు, అవనిగడ్డలో ఇంకో బస్సు. ముందువైపు ఆడవాళ్ళ సీట్లలో వదిన, నేను. వెనక మగవాళ్ళ వైపు నాంచారయ్య. రాత్రి నిద్ర లేదు, బస్సు కదలగానే నాకు కళ్ళు మూతలు పడ్డాయి. మోపిదేవి ఎప్పుడు దాటిందో తెలీదు. మెలకువ వచ్చేసరికి చల్లపల్లి బస్టాండు, మా సీటు ముందు నాంచారయ్య నిలబడి ఉన్నాడు. మంచినీళ్ళ సీసా కొనడానికి దిగి ఎక్కుతూ చూశాడట.

"ముడి ఏదమ్మా?" అన్నాడు.

వదిన ఒళ్ళో గొట్టం నిటారుగానే ఉంది. కానీ రబ్బరు మూత లేదు. మూత బదులు ఆవిడ తెల్ల చేతిరుమాలు, దాని చుట్టూ పూలదండ దారం, శుభ్రంగా, చక్కగా, జాడీకి కట్టినట్టు వాసెన కట్టి ఉంది.

"నేనే విప్పానండీ," అంది వదిన. ఎవరూ అడగకముందే అంతా చెప్పేసింది. బస్సు కుదుపులకి బురదలోంచి బుడగలు రావడం మొదలైందట. ఎదుటి సీటావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఏం చచ్చిందండీ అని అడిగిందట. వదినకి తల కొట్టేసినట్టయింది. మూత బిగించిన జాడీ పొంగి మూత ఎగిరిపోవడం ఆవిడ ఎన్నిసార్లు చూడలేదు? కాస్త గాలాడితే బుడగలూ తగ్గుతాయి, కంపూ పోతుంది, దుమ్ము పడకుండా గుడ్డ ఉంటుంది. నన్ను లేపడానికి జాలేసి, పళ్ళతో ముడి విప్పి, వాసెన కట్టింది.

ఆడపడుచని కూడా చూడలేదు నేను. గాలి తగలకూడదని కమల చెప్తుంటే తలూపింది ఎవరు, ఇదేమన్నా ఆవకాయా, ఇంత వయసొచ్చి ఈమాత్రం తెలీదా, ఒక మనిషి బతుకు మీ ఒళ్ళో పెడితే వాసెన కడతారా అని బస్సంతా వినేలా దులిపేశాను. వదిన మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం అద్దంలో కనబడింది. నా కోపం మాత్రం చల్లారలేదు.

నాంచారయ్య అరవలేదు. అరిచినా బాగుండేది. వంగి బకెట్ అందుకున్నాడు. "ఈ మూడూ నా దగ్గరుంటాయి," అన్నాడు. "ఆ నాలుగోది ఏం చేసుకుంటారో మీ ఇష్టం." జాన్‌బాబు పని అయిపోయిందని నాకు ఆయన వీపు చూస్తేనే అర్థమైంది. ముడి విప్పినవాళ్ళు ఇంకేమైనా చేసి ఉండొచ్చని ఆదివారం ఒక్కరంటే చాలు.

చల్లపల్లి నుంచి బందరు దాకా వదిన ఒక్క మాట మాట్లాడలేదు. అలాంటిది నేను కాపురానికొచ్చాక చూడలేదు. సగం దారిలో, కోపం కాస్త దిగాక, ఆవిడ ఒళ్ళోని గొట్టం వైపు చూశాను. తేటగా ఉండాల్సిన నీళ్ళు పల్చటి టీ రంగుకి తిరిగి ఉన్నాయి. ఎగిరిపడ్డ నీళ్ళకి తడిసి రుమాలు అంచు కూడా ఎర్రబారింది. బస్సు ఊగుతుంటే కడ్డీలు పట్టుకుంటూ వెనక్కి వెళ్ళి, తడిగుడ్డ పక్కకి తీసి బకెట్లో గొట్టాలు చూశాను. మూడూ తేటగానే ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది.

"మావయ్యా, పరీక్ష చెయ్యకముందే చెప్తున్నాను, వినండి," అన్నాను. "భాస్వరం ఉంటే నీలం రంగొస్తుంది. మీ దగ్గరున్న మూడూ ముదురు నీలం వస్తాయి. వదిన విప్పింది లేతగా వస్తుంది. అలా రాకపోతే జాన్‌బాబు అబద్ధికుడని ఆదివారం నేనే వచ్చి చెప్తాను."

ఎందుకలా అన్నాడాయన. చెరువునీళ్ళ వల్లే అయితే నాలుగూ ఒకేలా ఉండాలి కదా, నాలుగూ మీరు ఒకే గోతిలోంచి తీసినవే అన్నాను. బురద వల్ల అయితే గాలి తగిలిన చోట తుప్పు మళ్ళీ పుట్టి భాస్వరాన్ని పట్టేస్తుంది, గాలి తగలని చోట వదిలేస్తుంది. ఆయన బకెట్ని రెండు మోకాళ్ళ మధ్య గట్టిగా పట్టుకుని, చూద్దాం అన్నాడు.

కమల ల్యాబులో నీడపట్టున గొట్టాలు నిలబెట్టాం. నాంచారయ్య తన మూడు ముడులూ తానే విప్పాడు. ఒక్కో గొట్టంలోంచి సిరంజితో నీళ్ళు లాగి, వడపోత కాగితంలోంచి చిన్న గాజుగొట్టాల్లోకి వదిలాను. తూము దగ్గర పట్టిన సీసా నీళ్ళది ఇంకో గొట్టం. వదిన విప్పిన గొట్టంలో నీళ్ళు వడకడితే కాగితం మీద ఎర్రటి తుప్పు పేరుకుంది. మిగతా మూడింటి కాగితాలు దాదాపు తెల్లగానే ఉన్నాయి. రంగు తెప్పించే మందు కలిపి, కిటికీ దగ్గర వరసగా పెట్టి కూర్చున్నాం. ఇంతకాలం పిల్లలకి చేసి చూపిస్తున్న పరీక్షే. కాని ఆ పది నిమిషాల్లో గడియారం వైపు పదిసార్లు చూశాను.

రంగు మెల్లిగా ఎక్కింది. తూము నీళ్ళు, నీలం ఉందా లేదా అన్నట్టు. మూడు గొట్టాలూ బట్టలకి పెట్టే నీలిమందులా ముదిరాయి. వదిన గొట్టం, ఆ నీలిమందు బట్టని రెండుసార్లు జాడించిన నీళ్ళలా లేతగా నిలబడిపోయింది. కమల తన అలవాటు కొద్దీ, పేపరు రాయాలంటే ఇది చాలదే అంది. పేపరుకి చాలదు, ఆదివారానికి చాలు అన్నాను.

నాంచారయ్య గొట్టాల్ని ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి చూశాడు. ఎప్పుడో ముందు వదిలేసి, తర్వాత తాళం వేసుంటే అని అడిగాడు. అలా వదిలినవి పోటుకీ పాటుకీ ఎప్పుడో కొట్టుకుపోయేవి, ఇది ఇప్పుడు అడుగునించి వస్తున్నది అన్నాను. తూము తాళం పట్టిన తుప్పు కూడా ఆయనకి గుర్తొచ్చిందనుకుంటాను.

"అయితే జానుగాడు ఈ ఏడు వదల్లేదు."

"వదల్లేదు."

"మరి పోయినేళ్ళు?"

ఇక్కడ నేను తప్పించుకోవచ్చు. కాని స్నేహితుడి కోసం సగం నిజం చెప్పడానికి అంత దూరం వెళ్ళలేదు. "వదిలాడు మావయ్యా. వాడొక్కడే కాదు. పాయమీది చెరువులన్నీ, పైన పొలాలన్నీ, ఊళ్ళన్నీ వదిలాయి. అదంతా ఇప్పుడు అడుగున ఉంది." అందరూ ఆపేస్తే ఎన్నేళ్ళకి తగ్గుతుంది అన్నాడు. నాకు తెలీదన్నాను. ఆపకపోతే తగ్గదని మాత్రం తెలుసన్నాను.

ఆయన జేబులోంచి చిన్న ఫోన్ తీసి, దూరంగా పట్టుకుని నొక్కాడు. మాట్లాడ్డం మానేసిన ఇన్నాళ్ళకి ఆ నంబరు ఆయన ఎక్కడా వెతుక్కోలేదు.

"జానూ, నేనురా. ఆదివారం మీ ప్రార్థన అయ్యాక రా. తూము తాళంచెవి తెచ్చి అందరి ముందు పెట్టు. నా పక్కన కూర్చో." అవతల ఏం విన్నాడో, ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు. "సరే, సరే. ముందు నీళ్ళు తాగు."

కమల మొహం తిప్పుకుని సింకులో గాజు సామాను కడగడం మొదలెట్టింది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. నాంచారయ్య మాత్రం నేరుగా వదిన దగ్గరికి వెళ్ళాడు. వచ్చినప్పటినించి ఒక మూల స్టూలు మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది ఆవిడ.

"అమ్మా, ఆ గుడ్డ నాకిస్తారా? మావాళ్ళకి మాటలు చెప్తే బుర్రకెక్కదు. గాలి తగిలితే ఏమయిందో చూపిస్తాను."

వదిన ఆ ఎర్రబారిన రుమాలు మడతపెట్టి ఇచ్చింది. ఇస్తూ నావైపు చూసిన చూపు ఉంది చూడండి, అది నేను ఈ జన్మలో మర్చిపోను. పళ్ళతో విప్పానండీ, మీ ముడి చాలా గట్టిది అంది ఆయనతో. ఆయన మీసంలో నవ్వాడు. మేం ఆయన్ని నవ్వుతూ చూడడం అదే మొదటిసారి.

సాయంత్రం గుడివాడ పాసింజరుకి వెళ్తూ స్టేషన్ దగ్గర వదినకి బందరు హల్వా కొన్నాను. నాకు క్షమించమనే మాట నోట పలకదు, ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. వదిన పొట్లం అందుకుని, ఇదేమిటి లంచమా అంది. అవునన్నాను. విప్పి సగం నాకే పెట్టింది. మాటలు మళ్ళీ మొదలయ్యాయి. మూత తను తియ్యకపోతే ఆ ముసలాయన నా లెక్చరు నమ్మేవాడా, సుబ్రహ్మణ్యస్వామికి బురద సంగతి చెప్పింది ఎవరు, ఇంటికెళ్ళాక ఆవకాయ జాడీలకి వాసెన బదులు మూత పెట్టమని నేను ఎప్పుడన్నా అంటే ఊరుకోను, ఇలా. నేను వింటూ కూర్చున్నాను. వినక తప్పుతుందా మరి.

నిన్న పొద్దున్న చూసిన దారే వెనక్కి వస్తోంది. ఈ యాత్ర చేయదలిచినవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. హంసలదీవి సాగరసంగమం చూడండి, మోపిదేవి స్వామిని చూడండి, పోటు సమయం చూసుకుని పడవెక్కండి. పైన నీళ్ళు తళతళలాడుతుంటాయి, ఎంత బాగుంటాయో చెప్పలేను. వీలైతే అడుగున ఏముందో కూడా ఒక్కసారి చూసి రండి.

గుడివాడ దగ్గరపడుతుంటే పట్టాల పక్కన కాలవ కనబడింది. గుర్రపుడెక్క, దాని మధ్య పచ్చగా మీగడ కట్టిన నీళ్ళు, ప్లాస్టిక్ సంచులు. వదిన మాట్లాడ్డం ఆపి చాలాసేపు అటే చూసింది.

"విజయా, మన వీధి కాలవ దీన్లోనే కదా కలుస్తుంది? ఇది కూడా జాన్‌బాబు వాళ్ళ పాయలోకే పోతుందా?"

అక్కడికి కాదు, ఇది వేరే దారిన వేరే చోట సముద్రంలో కలుస్తుందన్నాను.

"అక్కడా బురద ఉంటుందిగా?"

"ఉంటుంది."

"దాని ఒడ్డునా పల్లె ఉంటుందిగా?"

ఉంటుందన్నాను. వదిన హల్వా పొట్లం మడిచి సంచీలో పెట్టుకుంది. "అయితే ఆదివారం ఆ అబ్బాయి ఒక్కడే తల దించుకుని కూర్చోవడం ఏమిటే? పద, మనమూ వెళ్ళి వాడి పక్కన కూర్చుందాం."

బండి స్టేషన్లోకి వస్తోంది. ఆదివారం బందరుకి మొదటి బండి ఎన్నింటికో ఫోన్లో చూశాను.